ఊరు లేదు, నీళ్లు లేవు

ఇరవై ఏడేళ్లు నేను ఒకే బంగళాకు కావలి ఉన్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నాకు ఇచ్చినవి ఒక తాళాల గుత్తి, ఒక లాంతరు, ఒక ఖాకీ చొక్కా. చొక్కాకు ఇత్తడి బొత్తాలు తర్వాత పంపుతామన్నారు. పంపలేదు. నేను దిగిపోయిన రోజున కూడా ఆ చొక్కాకు కొబ్బరిచిప్ప బొత్తాలే ఉన్నాయి. ఆ సంగతి వదిలేస్తున్నాను. మరిచిపోయానని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు మా వైపు కుర్రవాళ్లు కోవిలుపట్టిలో బస్సెక్కి విరుదునగరులో దిగుతారు. మధ్యలో ఏముందని అడిగితే "ఏముండాది తాతా, ఎండ" అంటారు. ఆ మధ్యలో ఉన్నదాన్ని నేను అడుగులతో కొలిచినవాణ్ణి. కొలిచి రాసినదాంట్లో ఒక తప్పు చేశాను. తెలియక చేసింది కాదు. దాని గురించే ఈ నాలుగు మాటలు. ఎవరి పేరూ రాయను. పేరు రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. చదివితే మీకూ తెలుస్తుంది.

విరుదుపట్టికి విరుదునగరని కొత్త పేరు వచ్చి కొన్నేళ్లయిన రోజులవి. ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు పక్కన మా ముసాఫరు బంగళా. రెండు గదులు, చుట్టూ వసారా, వెనక వంటిల్లు, గుర్రాలకు ఒక పాక, ఉప్పునీళ్ల బావి. వచ్చేవాళ్లు అధికారులు, పత్తి కొనే కంపెనీల మనుషులు, తూత్తుకుడి ఓడ అందుకోవడానికి పోతూ మధ్యలో ఆగేవాళ్లు. ఎవరు వచ్చినా స్నానం చేసి, తిని, వసారాలో కుర్చీ వేయించుకుని ఒకటే ప్రశ్న: "ఇక్కడ చూడటానికి ఏముంది?"

నాకు ముందున్న కావలివాడు "ఏమీ లేదు దొరా" అనేవాడట. ఆ జవాబు వంటవాడు నాకు నేర్పబోయాడు. వంటవాడూ మా భాషవాడే, నా ఈడువాడే. నన్ను బావా అని పిలిచేవాడు. "ఏమీ లేదంటే వాళ్లు పడుకుంటారు బావా. వాళ్లు పడుకుంటే మనమూ పడుకుంటాం" అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చలేదు. నేను పుట్టిన నేల గురించి ఏమీ లేదని నా నోటితో నేనే చెప్పాలా?

కాబట్టి బంగళా ఖాళీగా ఉన్న రోజుల్లో నడక మొదలుపెట్టాను. రోడ్డు మీద రెండు మైలురాళ్ల మధ్య నాలుగుసార్లు నడిచి, నా అడుగులు రెండు వేలైతే మైలు అని తేల్చుకున్నాను. ఎడమ జేబు నిండా చింతగింజలు. నూరు అడుగులకు ఒక గింజ కుడి జేబులోకి. ఇరవై గింజలు మారితే ఒక మైలు. దారిలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పకుండా చెయ్యి ఊపేవాణ్ణి, లెక్క తప్పుతుందని. నాకు పొగరని ఆ చుట్టుపక్కల పేరు పడింది అందువల్లే. ఎవరూ కారణం అడగలేదు.

రెండేళ్లు నడిచాను. తూర్పున మైలు దూరంలో కుమ్మరుల ఊరు. అక్కడ మనిషి నిలబడితే మెడదాకా వచ్చే గాదె కుండలు చేసేవాళ్లు, వాటిని ఆరబెట్టిన రోజుల్లో వీధి వీధంతా గుండు తలలు వరసగా నిలబడ్డట్టు ఉండేది. దక్షిణాన తాళ్లు పేనే ఊరు. కలబంద నార ఒక చివర వేపమొద్దుకు కట్టి, ఆడవాళ్లు పాటలు పాడుతూ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు. వాళ్లంత దూరం వెనక్కి నడిచినవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఇంకాస్త పోతే తాటితోపు, తెల్లవారుజామున దించిన సున్నపు ముంతల తీపి నీళ్లు. కుమ్మరుల ఊరికి ఇంకా తూర్పున, పొలిమేర కాసే అయ్యనారు గుడి, దాని ముందు మట్టి గుర్రాలు, కళ్లు తెరిచి ఎటో చూస్తూ. చాలా ఊళ్లు మావాళ్లవే, ఎన్ని తరాల కిందటో ఉత్తరం నుంచి వచ్చి నల్లరేగడి పట్టుకున్న రైతులు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆ తెలుగులోనూ పనిని వేలె అంటాం, కదా అనడానికి తానే అంటాం, అవునుకు ఆమా. తెలుగు అక్షరాలు మాత్రం ఎవరికీ రావు. నాకు మా తాత ఇసుకలో దిద్దించాడు గనుక వచ్చాయి.

ఏ ఊళ్లో చెప్పులు విడిచి వీధిలోకి పోవాలి, ఏ బావి నీళ్లు తియ్యన, ఏ ఊరి కుక్కలు మంచివి కావు, ఏ వాగు వానొస్తే పొంగుతుంది, అన్నీ రాసుకున్నాను. పత్తి కొనడానికి వచ్చిన ఒక దొర నా నోటు పుస్తకం చూసి, దీన్ని పటంగా గీసి గోడకు పెట్టమన్నాడు. మూడు నెలలు కూర్చుని గీశాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కోవిలుపట్టి వైపు నుంచి వచ్చిపోయే ఒక బడిపంతులు రాసిపెట్టాడు.

ఆ పటంలో ఒక ఊరు నేను పెట్టలేదు.

కుమ్మరుల ఊరి నుంచి తూర్పుగా మట్టి గుర్రాల గుడికి పొలాల్లో నాలుగు మైళ్ల దారి. దానికి సగంలో, ఉత్తరాన, తుమ్మచెట్లున్న చిన్న మిట్ట. మిట్ట అవతల, దారి నుంచి అరమైలులో ఆ ఊరు. అరవై ఇళ్లుండేవి. మావాళ్లే. ఆ ఊరి పెద్దరైతు భార్య మా అమ్మకు వరసకు అక్క, నాకు పెద్దమ్మ. ఒక చిత్తిరై నెల మధ్యాహ్నం, నడి ఎండలో, చింతగింజలు మార్చుకుంటూ ఆ ఊరు చేరాను. నాలుక అంగిట్లో అంటుకుపోయి ఉంది. పెద్దమ్మ ఇంటి తిన్నె మీద నలుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. దాహమని అడిగాను. పెద్దమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. గడప దగ్గర ఆగింది.

"నాయనా, నువ్వు ఆ పంగ్లాలో తానే వేలె సేసేది?"

"ఆమా పెద్దమ్మా."

"దొరల ఎంగిలి గిన్నెలు కడిగే వేలె తానే?"

"గిన్నెలు కడిగేది వంటోడి కింద మనిషి. నేను కావలి."

"అట్టనా. ఎవురు కడిగినా ఒక ఇల్లు తానే. సేతులు పట్టు నాయనా."

నేను దోసిలి పట్టాను. ఆమె తిన్నె మీద నుంచి, చెంబు నా వేళ్లకు తగలకుండా, జానెడు ఎత్తు నుంచి పోసింది. తిన్నె మీద ఒకాయన, "దొర గలాసులో తాగే నోటికి మన సెంబు రుసించదులే" అన్నాడు. మిగిలిన ముగ్గురూ నవ్వారు.

తాగాను. అదే నాకు ఇప్పటికీ మంట. పారబోసి వచ్చి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాణ్ణేమో. మోచేతుల మీదుగా కారుతున్నది కూడా నాక్కుని తాగాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక్క గింజ కూడా మార్చలేదు.

పటం గీసినప్పుడు ఆ నాలుగు మైళ్ల దారి పక్కన ఇలా రాశాను: "మధ్యలో ఊరు లేదు, నీళ్లు లేవు." పంతులు దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు. వంటవాడు నా భుజం మీద నుంచి వంగి చూసి, "ఈడ ఒక ఊరు ఉండాల కదా బావా?" అన్నాడు.

"ఉంటే నాకు కనబడి ఉండేది."

"నీకు కనబడితే తానే ఊరా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది. మీతో అబద్ధం ఎందుకు?

తర్వాత ఓవర్సీరు వచ్చాడు. బంగళా, రోడ్డు, మైలురాళ్లు, నేను, అన్నీ ఆయన కింద. పటం చూసి మెచ్చుకుని, అద్దం వేయిస్తానని పట్టుకుపోయాడు. నెల తర్వాత అద్దంతో, నల్ల చట్రంతో గోడకెక్కింది. అడుగున ఇంగ్లీషులో కొత్తగా ఒక వరస ఉంది. పంతులు వచ్చినప్పుడు చదివించుకున్నాను. "తయారు చేసినది" అని రాసి ఓవర్సీరు తన పేరు పెట్టుకున్నాడు.

పై ఆఫీసుకు పిటీషను పెట్టాను. ఈ పటంలో ప్రతి గీతా, ప్రతి ఊరూ, ప్రతి అడుగూ నావి, ఇంకెవరి చెయ్యీ పడలేదు అని. జవాబు రాలేదు. రెండోది పెట్టాను. "చూడబడినది" అని ఒక ముక్క వచ్చింది. మూడోది పెట్టాను. దానికి ఓవర్సీరే స్వయంగా వచ్చి, బావిగట్టు పగుళ్ల గురించి పావుగంట నన్ను తిట్టిపోయాడు. అప్పటి నుంచి వంటవాడికి నేను పిటీషను బావనయ్యాను.

ఇక ఒక దొరసాని సంగతి. ఐప్పసి నెల, మాకు వానలు మొదలయ్యే కాలం. ఏభై దాటిన మనిషి. ఎక్కడో ఆడపిల్లల బడికి పెద్దగా ఉండి సెలవు మీద వచ్చింది. మడత పీట ఒకటి, బొమ్మలు గీసే అట్ట ఒకటి. చెన్నపట్నంలో నేర్చిన అరవం మాట్లాడేది, ముక్కలు ముక్కలుగా, గౌరవంగా. నాతో "మీరు" అన్న దొరల్లో ఆమె మొదటిది. రెండోవాళ్లు రాలేదు.

నాలుగు రోజులు ఆమెను తిప్పాను. నా ఉద్యోగంలో ఆ నాలుగు రోజులే ఉద్యోగం అనిపించింది. కుమ్మరుల ఊళ్లో ఆమె ఒక గాదె కుండలోకి తల పెట్టి పాట పాడింది. పిల్లలు పరుగెత్తి వచ్చారు. తాళ్ల ఊళ్లో ఆడవాళ్లతో కలిసి వెనక్కి నడిచి, మేక మీద పడబోయింది. ఒక ముసలామె "ఈ అమ్మికి ముందు నడవను రాదా?" అంది, నేను ఎందుకు నవ్వుతున్నానో చెప్పమని దొరసాని పట్టుబట్టింది, చెప్పాను, ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది. సాయంకాలం తిరిగి వస్తుంటే దున్నిన నల్లరేగడి మీద కొంగలు తెల్లగా వాలి ఉండేవి. ఆమె ఆగేది. నేనూ ఆగేవాణ్ణి. అంతకుముందు నేను అక్కడ ఆగింది గింజ మార్చడానికే.

నాలుగో సాయంత్రం గోడ మీది పటం ముందు నిలబడి, "ఇంత ఓపిగ్గా చేసిన ఈ పెద్దమనిషి ఎవరు?" అని అడుగున ఉన్న పేరు చూపించింది. చెప్పాను. మూడు పిటీషన్లతో సహా చెప్పాను. ఆమె మొత్తం విని, "అయితే ఇది మీ పటం" అంది. తన అట్ట మీద ఒక నకలు రాసుకుంది. అడుగున నా పేరు అడిగి వేసింది. ఆ నాలుగు మైళ్ల దారి పక్కన నేను రాసిన మాట కూడా చూసి రాసుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఆమె నా పేరు ఎలా రాసిందో అదే చూస్తున్నాను.

మర్నాడు మట్టి గుర్రాల బొమ్మ గీయడానికి పోవాలి. పొద్దున్నే ఓవర్సీరు దిగాడు. ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడట, దారి పక్క రాళ్లన్నిటికీ సున్నం కొట్టాలట. "సున్నం ఆరేదాకా బంగళా వదిలి కదలొద్దు" అన్నాడు. దొరసాని నవ్వి, అట్ట ఊపి, "మీ పటం ఉంది కదా, నాకేం భయం" అని ఒక్కతే పోయింది.

మధ్యాహ్నం ఈశాన్యం నల్లబడింది. గంటన్నర కురిసింది. నేను కొట్టిన సున్నం పాలలా రోడ్డు మీదికి కారిపోయింది. వాన తగ్గేసరికి నేను బయలుదేరాను.

"ఎక్కడికి?" అన్నాడు ఓవర్సీరు వసారాలోంచి. "సున్నం మళ్లీ కొట్టాలి."

"దొరసాని రాలేదు."

"గుళ్లో తల దాచుకుని ఉంటుంది. పెద్దాయన వస్తే నేనేం చెప్పాలి?"

"వాన వచ్చిందని చెప్పండి" అని పోయాను. ఈ మాటన్నందుకు ఆయన నా మీద పెట్టిన రిపోర్టు వేరే ఉంది.

తడిసిన నల్లరేగడిలో నడవని వాళ్లకు చెప్పినా తెలియదు. పది అడుగులకు కాలికి వీశెడు మట్టి పట్టుకుంటుంది. గీరుకుని మళ్లీ పది అడుగులు. కుమ్మరుల ఊరు దాటి వాగు చేరేసరికి పొద్దు వాలింది. వాగు తగ్గుతోంది, నడుం లోతులో దాటాను. అవతలి గట్టున ఆమె అడుగులు కనబడ్డాయి. మేకు మడమల బూట్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు. వాన చివర్లో పడ్డ అడుగులు, అచ్చు తీసినట్టు ఉన్నాయి.

గుడి నుంచి వాగుదాకా వచ్చి, దాటలేక నిలబడింది. తర్వాత అడుగులు ఉత్తరానికి తిరిగాయి, తుమ్మల మిట్ట వైపు. నేను వాటి పక్కనే నడిచాను. మిట్ట సగం ఎక్కి ఒకచోట రెండు పాదాలూ పక్కపక్కనే లోతుగా దిగి ఉన్నాయి. చాలాసేపు నిలబడిందన్నమాట. అక్కడి నుంచి ఇంకో నూరు అడుగులు వేస్తే, ఒక్క చింతగింజ దూరం, ఆ ఊరి కప్పులు కనబడేవి. ఆ అడుగులు అక్కడి నుంచి వెనక్కి తిరిగాయి.

నేను ఆ రెండు గుంటల పక్కన నిలబడ్డాను. అవతలి నుంచి కుక్కలు మొరుగుతున్నాయి. నాకు వినబడ్డాయంటే ఆమెకూ వినబడి ఉండాలి.

అడుగులు మళ్లీ వాగు వైపు దిగాయి. గట్టు దగ్గర జారిన గీత, మూడు గజాల పొడవున. అందులో ఒక బూటు, నోరు తెరుచుకుని. ఆ తర్వాత బూటు అడుగు లేదు. బరువు మోసిన నలుగురి వట్టి కాళ్ల అడుగులు మాత్రం మిట్ట మీదికి పోయాయి.

బూటు చేతిలో పట్టుకుని, మళ్లీ కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్న ఊళ్లోకి పోయాను.

పెద్దమ్మ ఇంటి తిన్నె మీద నులకమంచం. దానిమీద దొరసాని, కాలి మడమకు ఆముదపాకు కట్టు. చేతిలో వెండి గ్లాసు. అందులో సజ్జ అంబలి, మజ్జిగ కలిపింది. గ్లాసు అంచు పెదవులకు ఆనించి తాగుతోంది. నేను ముందు చూసింది కాలిని కాదు, గ్లాసునే. ఇది నా లెక్కలో ఆ ఇంటి రెండో అవమానం. ఎంగిలి గిన్నె కడిగే ఇంటివాడికి దోసిలి. ఆ గిన్నెలో తినేవాళ్లకు వెండి గ్లాసు!

దొరసాని నన్ను చూసి నవ్వింది. "కుక్కలు మొరిగాయి. పటంలో ఊరు లేదు కదా, నక్కలేమో అనుకున్నాను" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

తిన్నె మీద పెద్దమ్మ కొడుకు కూర్చుని ఉన్నాడు. నాకన్నా పెద్దవాడు, కోవిలుపట్టిలో కొంత చదివినవాడు. అతని ఒళ్లో దొరసాని అట్ట ఉంది.

"రా తమ్ముడా," అన్నాడు. "ఈ కాయిదం సూసి మేమంతా బయపడినాం. మా తాత ముత్తాత నుంచి ఈడనే ఉండాం అనుకొంటా ఉన్నాం. నువ్వు వచ్చి కొలిసి, లేదని రాసినావంట."

"దొరసాని ఇప్పుడు తాగే అంబలి ఏ ఊరిది అబ్బీ?" అన్నాడు ఇంకొకాయన. ఆ రోజు చెంబు మాట అన్నది ఆయనే. "లేని ఊర్లో ఉండే ఆవు పాలు ఇస్తాదా?"

పెద్దమ్మ వాళ్లను కసిరింది. నా వైపు తిరిగి, "కాలు ఇరగలేదు నాయనా, బెణికింది తానే. బయపడొద్దు. మజ్జిగ పోయమంటావా?" అంది.

"వద్దు. దాహం లేదు."

దాహం లేకపోవడమేమిటి! వాగు దాటి వచ్చినవాణ్ణి. ఆ రేగడిలో మూడు రోజులు బండి కదలలేదు. మూడు రోజులూ ఆమె బట్టలూ రొట్టే మోసుకుని బంగళాకూ ఆ ఊరికీ తిరిగాను. సీసాలో నా నీళ్లు నేనే పట్టుకుపోయేవాణ్ణి. పెద్దమ్మ రోజూ అడిగేది. నేను రోజూ సీసా ఎత్తి చూపించేవాణ్ణి. నాలుగో రోజు ఎద్దుబండి కట్టి, దొరసానిని గడ్డి పరుపు మీద కూర్చోబెట్టి పంపారు. ఆమె పోతూ పోతూ పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నేను బండి ముందు నడిచాను, వెనక్కి చూడకుండా.

ఆమె మంచి మనసుతో చేసిన పనే నా మీదికి వచ్చింది. పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఆ ఊరివాళ్లు తనకు ప్రాణం పోశారని, అంత మంచి ఊరు పటంలో లేకపోవడం విచారమని. ఆఫీసుకు విచారం అంటే విచారణ. పదిహేను రోజుల్లో ఒక అధికారి దిగాడు. వసారాలో బల్ల వేశారు. గోడ మీది పటం దించి బల్ల మీద పెట్టారు.

అధికారి అడుగున పేరు చదివి, ఓవర్సీరు వైపు చూశాడు.

ఓవర్సీరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పర్యవేక్షణ నాది. గీసింది ఇతను. ఇతనే మూడుసార్లు రాసి ఇచ్చాడు, ఫైల్లో ఉండాలి" అన్నాడు.

ఉన్నాయి. ఏడాదికి పైగా ఒక్కరూ చదవని నా మూడు పిటీషన్లూ ఎర్ర దారంతో కట్టి, నలగకుండా ఉన్నాయి. అధికారి మూడోదాన్ని పైకి చదివాడు: "ప్రతి గీతా, ప్రతి ఊరూ, ప్రతి అడుగూ నావి. ఇంకెవరి చెయ్యీ పడలేదు." కాగితం దించి, "నిజమేనా?" అన్నాడు.

వంటవాడు తలుపు వెనక నుంచి నా చొక్కా లాగాడు. "లేదని సెప్పు బావా," అని గొణిగాడు. "కోపంలో రాసినానని సెప్పు. పేరు ఆయనది, తప్పూ ఆయనదే అయిపోతాది. నీకు ఇద్దరు పిల్లోళ్లు."

వాడి మాట సరైనదే. ఒక్క మాట. పటం నాది కాదు. అలా అంటే ఉద్యోగం ఉంటుంది, ఓవర్సీరు మునుగుతాడు. రెండూ నాకు కావలసినవే. ఓవర్సీరు వైపు చూశాను. వేలితో చెమట తుడుచుకుంటున్నాడు. నేను ఆ మాట అంటే ఆ పటం జన్మలో మళ్లీ నాది కాదు. గాదె కుండలు, వెనక్కి నడిచే ఆడవాళ్లు, మట్టి గుర్రాలు, రెండేళ్ల చింతగింజలు, అన్నీ ఆయనవైపోతాయి. తప్పుతో సహా. నా తప్పు కూడా ఆయనకు ఇవ్వబుద్ధి కాలేదు.

"నిజమే అయ్యా. నాదే. ఊరు వదిలింది నేనే. అడుగున ఉన్న పేరు మాత్రం నాది కాదు. అది కూడా రాసుకోండి" అన్నాను.

"ఎందుకు వదిలావు? కనబడలేదా?"

"కనబడింది."

"మరి?"

చెప్పక తప్పలేదు. చిత్తిరై ఎండ, గడప, చెంబు, దోసిలి, నవ్వు. నోట్లో ఉన్నప్పుడు అంత పెద్దదిగా ఉన్న సంగతి, బల్ల మీద పడేసరికి పిడికెడు అయింది. అధికారి కలం పక్కన పెట్టాడు.

"మజ్జిగ తాగావా?"

"తాగాను."

"తాగినవాడివి నీళ్లు లేవని ఎలా రాశావయ్యా?"

ఇరవై ఏడేళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. అన్నిటికీ నా దగ్గర జవాబు ఉండేది, కాకపోతే పిటీషను ఉండేది. ఈసారి మాత్రం చొక్కా కొబ్బరిచిప్ప బొత్తాలు సరిచేసుకున్నాను.

ఆ ఏడు నాకు రావలసిన పెంపు ఆపేశారు. పటం మళ్లీ గీయమన్నారు, ఆ ఊరితో సహా, దూరం సరిగ్గా కొలిచి. అడుగున నా పేరు వేయమన్నారు. "ఈసారి తప్పుంటే ఎవర్ని పట్టుకోవాలో తెలియాలి" అన్నాడు అధికారి. ఏడాదికి పైగా నేను వేడుకున్న గౌరవం నాకు శిక్షగా వచ్చింది. వంటవాడు ఆ రోజు పాయసం వండాడు. సంతోషానికో వెక్కిరింతకో నేను అడగలేదు, రెండుసార్లు వేయించుకున్నాను.

దూరం కొలవాలంటే ఆ ఊరు పోవాలి. వానలు వెనకపట్టాక పోయాను. నల్లరేగడి ఎండి పగుళ్లు విచ్చింది. మిట్ట మీద ఆమె నిలబడ్డ రెండు గుంటలూ ఇంకా ఉన్నాయి, కాల్చిన ఇటుకలా గట్టిపడి. వాటిని దాటుతూ ఒక గింజ మార్చాను. దారి మలుపు నుంచి పెద్దమ్మ తిన్నెదాకా పది గింజలు, ముప్ఫై ఆరు అడుగులు.

తిన్నె మీద అదే మనుషులు. "కొలిసినావా? ఉండామా మేము?" అన్నాడు పెద్దమ్మ కొడుకు.

"ఉన్నారు."

"శరి. ఇక నిమ్మదిగా నిద్దరపోతాం."

నవ్వారు. పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతిలో ఆ వెండి గ్లాసు, నిండా మజ్జిగ. గడప దగ్గర ఆగలేదు. తిన్నె దిగి వచ్చి నా చేతికిచ్చింది. నేను సీసా తెచ్చుకోలేదు. అంచు పెదవులకు ఆనించి, అందరూ చూస్తుండగా, నిదానంగా తాగాను. ఖాళీ గ్లాసు తిరిగి ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వే ఎత్తుకొని పో నాయనా. మా అత్త నాకు ఇచ్చింది అది. దొరసాని తాగినాక మా ఇంట్లో ఎవురూ ముట్టడం లేదు. అటక మీద ఊరికే ఉండాది."

మొహంలోకి చూశాను. ఆమె కళ్లల్లో వెక్కిరింత లేదు. ప్రేమగానే ఉంది. ప్రేమగానే, వాళ్ల ఇంట్లో ఎవరూ ముట్టని గ్లాసు నా చేతిలో పెట్టింది.

అది మర్యాదో మూడో అవమానమో అప్పుడు తేల్చుకోలేకపోయాను. తిరుగుదారిలో మూడున్నర మైళ్లూ దాని గురించే ఆలోచించాను. ఆ గ్లాసును గింజలున్న జేబులో కాదు, రెండో జేబులో పెట్టుకున్నాను, గీతలు పడకుండా.

ఆ బంగళా కప్పు ఇప్పుడు లేదు. పటాన్ని చెదలు తిన్నాయి. పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. గ్లాసు అంచు ఒకవైపు సొట్టపడింది. నా కోడలు దాన్ని కరిగించి మనవరాలికి పట్టీలు చేయిద్దామంటుంది. నేను పోయాక చేసుకోమన్నాను. పొద్దున మజ్జిగ నాకు అందులోనే కావాలి.